తగవరి



మన భాషలో ఒక మాట యున్నది. దాని చరిత్ర తలచినప్పుడెల్ల నాకు కొంత నవ్వును కొంత సిగ్గును ఒక్కమారే కలుగుచుండును. ఆ మాట తగవు. ప్రాచీన కావ్యములయందు తగవనగా న్యాయము, ధర్మము, తగిన నడత. 'ఇది నీకు తగవు కాదు' అని యొకరు మందలించినచో 'ఇది నీకు న్యాయము కాదు' అని యర్థము. అట్టి తగవు చెప్పువాడు తగవరి. నేడో, తగవనగా జగడము. తగవులమారి యనగా వీథిలో ఎవరును పలుకరింప నిచ్చగింపని మనిషి. న్యాయమును తెలుపు మాట జగడమును తెలుపు మాటగా ఎట్లు మారెనో భాషాశాస్త్రజ్ఞులు చెప్పవలెను గాని, నామటుకు నాకు తోచునది వేరు: ఇరువురు న్యాయముకొరకు పెద్దలయొద్దకు పోయి, పోయిన ప్రతిసారియు జగడముతోనే తిరిగివచ్చుచుండుట చూచి చూచి, ఊరివారు ఆ రెంటిని ఒకే పేర పిలువ నారంభించియుందురు.

నేటి నా ప్రసంగము ఆ రెండర్థముల నడుమనున్న దారిని గూర్చినది. అన్నదమ్ముల పంపకములు, ఆలుమగల పేచీలు, కార్ఖానాలోనో కార్యాలయములోనో పై యధికారితో పుట్టిన వైమనస్యములు, యంత్రములో వ్రేలు పోగొట్టుకొన్నవాని పరిహారము, లారీ గుద్ది మంచమున బడినవాని క్లెయిము, ఇవన్నియు కోర్టు మెట్లెక్కి, వాయిదాపై వాయిదా నడచి, తీర్పుదాక పోయి తీరుట యొక పద్ధతి. ఓడినవాడు కోర్టులోనే యేడ్చిన, గెలిచినవాడు ఇంటికి పోయి యేడ్చెనన్న సామెత ఆ పద్ధతిని చవిచూచినవారు పుట్టించినదే. ఉభయులును ఒక మూడవ మనిషి యెదుట కూర్చుండి, వాని సాయముతో తామే యొక యొడంబడికకు వచ్చుట మరియొక పద్ధతి. కొన్నియేండ్లు అట్టి మూడవ మనిషినై కుర్చీలో కూర్చున్నవాడను గనుక, ఆ కుర్చీనుండి కనబడినంత మేర చెప్పెదను; అంతకు మించి ధర్మశాస్త్రము విప్పుటకు నేను ప్లీడరును కాను.

మొదటి చిక్కు పేరుతోనే వచ్చుచున్నది. మధ్యవర్తి యను నొక్క మాటతో మనము ముగ్గురు వేర్వేరు మనుష్యులను పిలుచుచున్నాము. ఉభయుల వాదములు విని, 'ఇది యిట్లు' అని తేల్చిచెప్పువాడొకడు; వాడు తీర్పరి. రచ్చబండమీది పెద్దమనిషి మొదలు చట్టప్రకారము నియమింపబడిన ఆర్బిట్రేటరు వరకు అందరును ఆ జాతివారే. ఒక పక్షము పంపగా పోయి రెండవ పక్షముతో బేరమాడువాడింకొకడు, వాడు రాయబారి. ఏ పక్షమునకును చెందక, ఏ తీర్పును చెప్పక, ఉభయులచేతను మాటలాడించి, వారంతట వారే తేల్చుకొనునట్లు చేయువాడు మూడవవాడు. నేడు నేను మధ్యవర్తి యన్నప్పుడు శ్రోతలు ఈ మూడవవానినే తలచుకొందురు గాక. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిన చందమున, తగవు తీర్చుటకు వచ్చి తగవులోని సొత్తును తానే మ్రింగిపోవు నాలుగవవాడు కూడ ఊరూర నున్నాడు గాని, వానిని గూర్చి చెప్పుటకు ఈ పదునైదు నిమిషములు చాలవు.

రాయబారమనగానే మన జనమునకు శ్రీకృష్ణుడు మెదలును. తిరుపతి వేంకటకవుల పద్యములను నటకులు రాగము సాగదీసి పాడుచుండగా తెల్లవార్లు కూర్చుండి వినిన దేశము మనది. అయిదూళ్ళిచ్చిన చాలునన్నను, సూదిమొన మోపినంత నేలయు ఈయనని దుర్యోధనుడనెను, సంధి చెడెను. అంతటి మాటకారి ఏల విఫలుడయ్యెనని చిన్నతనమున మా తాతగారి నడిగితిని. 'ఆయన సంధి కుదర్చడానికి వెళ్ళాడనుకున్నావుట్రా? కుదరదని లోకానికి చూపించి రావడానికి వెళ్ళాడు' అని ఆయన నవ్వెను. ఈ కుర్చీలో కూర్చున్న తరువాత నాకు ఆ ఘట్టములో మరియొకటి కనబడినది. నిండుకొలువులో, భీష్మద్రోణులు చూచుచుండగా, కన్నతండ్రి వినుచుండగా, ఒక మానధనుని 'ఒప్పుకొనుము' అనుట 'ఓడిపొమ్ము' అనుటయే కదా! పదిమంది యెదుట మెడ వంచుటకంటె పదునెనిమిది యక్షౌహిణుల యుద్ధమే సులభమని వానికి తోచినచో వింత యేమున్నది? ఒంటరి గదిలో చెప్పియుండినచో భారతయుద్ధము ఆగియుండెడిదని నేననను. కర్ణశకునులు ఊరకుండువారు కారు. కాని మధ్యవర్తి పనిలో సగము, ఒక్కొక్కరిని విడిగా కూర్చుండబెట్టి, తలుపు మూసి, వారు చెప్పినది రెండవ గదికి పోదని నమ్మకము కలిగించి వినుటలోనే యున్నది.

తీర్పరికిని మధ్యవర్తికిని గల భేదమును గాంధీమహాత్ముని దక్షిణాఫ్రికాలోని తొలి వ్యాజ్యముకంటె చక్కగా చూపునది నేనెరుగను. 1893లో ఇరువదిమూడేండ్ల బారిస్టరుగా ఆయన దక్షిణాఫ్రికాకు వెళ్ళినది దేశోద్ధరణకు గాదు. దాదా అబ్దుల్లా అను పోరుబందరు వర్తకుని దావాలో సాయపడుటకు. ప్రతివాది తయ్యబ్ సేఠ్ పరాయివాడు కాడు. అతని బంధువే, అదే యూరివాడే. దావా 40,000 పౌనులకు. కాగితములన్నియు చదివి తన కక్షిదారు పక్షమే బలమైనదని తెలిసికొనిన పిమ్మట గూడ, వ్యాజ్యము సాగినకొలది ఇరువురును ప్లీడర్ల ఫీజులక్రింద నలిగిపోవుదురని గ్రహించి, ఉభయులను బ్రతిమాలి, దానిని ఒక తీర్పరి చేతిలో పెట్టించెను. తీర్పు దాదా అబ్దుల్లాకు అనుకూలముగా వచ్చినది: 37,000 పౌనులును, పైని ఖర్చులును.

తీర్పు వచ్చినది గాని తగవు తీరలేదు. అంత సొమ్ము ఒక్కమారు చెల్లింపుమన్నచో తయ్యబ్ సేఠ్ దివాలా తీయవలసినదే. దక్షిణాఫ్రికాలోని పోరుబందరు మేమన్ వర్తకులలో దివాలాకంటె చావే మేలను అలిఖిత శాసనము కలదు. అప్పుడు గాంధీ ఓడినవానివైపు గాక, గెలిచిన తన కక్షిదారువైపు తిరిగి, దీర్ఘకాలపు వాయిదాలమీద సొమ్ము తీసికొనుటకు ఒప్పించెను. తీర్పరికి ఒప్పించుటకంటె ఈ వాయిదాలకు ఒప్పించుటయే తనకు కష్టతరమైనదని ఆత్మకథలో వ్రాసికొనినాడు. నా దృష్టిలో తీర్పరి పని 37,000 అను సంఖ్యతో ముగిసినది. మధ్యవర్తి పని ఆ సంఖ్యయొద్దనే మొదలైనది. ఎంత ఈయవలెననునది న్యాయము అడుగు ప్రశ్న. ఎట్లిచ్చినచో ఇచ్చినవాడు రేపు బజారులో తలయెత్తుకొని నడచునో, అది మధ్యవర్తి యడుగు ప్రశ్న.

ఇక ఇంటి తగవులలోనికి వత్తము. డెల్టాలోని యొక గ్రామమునుండి వచ్చిన అన్నదమ్ముల దావా నాకు నేటికిని కన్నులకు గట్టినట్లున్నది. నాలుగెకరముల మాగాణి, ఒక పెంకుటిల్లు, ఇంటి వెనుక కొబ్బరిచెట్లు, ఉమ్మడి బోరు. పంపకపు దావా ఏడవ యేట నడచుచుండెను. తొలి కూటమున తమ్ముడు బోదె నీటి వంతులను గూర్చి గుక్క తిప్పుకొనక మాటలాడెను. అన్నగారు మాటలాడలేదు, కండువాను మడతపెట్టుటయు విప్పుటయు, మరల మడతపెట్టుటయు, ఇదే పని. ప్లీడరు వ్రాసియిచ్చిన షెడ్యూలులోని సర్వే నెంబర్లన్నియు ఒకదాని వెనుక నొకటి వచ్చినవి, పోయినవి. ఒక్కటియు ఆ ముసలివాని ముఖమున కదలిక తేలేదు.

విడిగా కూర్చున్నప్పుడు భూమి మాట ఎత్తక, 'మీ తమ్ముడిగారి గడప చివరిసారి ఎప్పుడు తొక్కారండీ?' అని మాత్రమడిగితిని. చాలసేపు ఊరకుండెను. పిదప చొక్కా జేబులోనుండి ఒక ప్లాస్టిక్ సంచిని, సంచిలోనుండి మడతలు చిరిగిన యొక శుభలేఖను తీసి బల్లమీద పెట్టెను. నాలుగు మూలల పసుపు వెలిసి గోధుమవన్నె కెక్కినది. తమ్ముని కూతురి పెండ్లి శుభలేఖ. అడుగున ఆహ్వానించువారి పేర్లున్నవి. తమ్ముని పేరు, తమ్ముని బావమరది పేరు, మేనమామల పేర్లు, చివరకు ఊరి ప్రెసిడెంటుగారి పేరు కూడ నున్నది. 'నాన్న పోయాక వాణ్ణి చదివించింది నేనండీ. ఇందులో నా పేరెక్కడుందో చూపించండి' అనెను. దావా వేసినది ఆ పెండ్లి జరిగిన మూడవ నెలలో.

తమ్ముని గదిలోనికి పోయి, అన్న యనుమతితోనే, శుభలేఖ మాట తెచ్చితిని. వాడు దానిని చూడగనే గుర్తుపట్టెను. 'అప్పటికే అన్నయ్య మాట్లాడ్డం మానేశాడండీ. పేరేస్తే కొట్టేయించమంటాడేమో, నలుగురిలో పరువు పోతుందేమోనని భయపడ్డాను' అనెను. ఒకడు అవమానింపబడితినని ఏడేండ్లు, మరియొకడు అవమానింపబడుదునేమోయని ఏడేండ్లు! ఈ నడుమ బోదె నీరు ఎవరి చేనికి ముందు పారవలెనని మున్సిఫుకోర్టులో సాక్షుల విచారణ!

శ్రోతలు ఇక్కడ తొందరపడి, 'వెంటనే ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టి చెప్పించవచ్చును గదా' యనుకొందురు. చెప్పించినచో ఆ దినముననే చెడిపోయెడిది. తెలిసిన నిజమును నోట పలుకుట యొక విద్య. దానికి తర్ఫీదు కావలెను. ఏనుగుకు తర్ఫీదు, పోలీసుకు తర్ఫీదు, పాటగాని గొంతుకకు తర్ఫీదు అవసరమని మన మొప్పుకొందుము గాని, అన్నతో మాటలాడుటకు తర్ఫీదేమిటని నవ్వుదుము. ఆ తమ్మునితో నేనొక గంట కూర్చుంటిని. మొదట వాడు, 'నువ్వు మాట్లాడకపోబట్టే నీ పేరు వెయ్యలేదు' అని మొదలుపెట్టెను, అది నేరమోపుట. తరువాత, 'నాదే తప్పు, కానీ నువ్వు కూడా' అనెను. 'కానీ'కి ముందు చెప్పినదానినంతయు 'కానీ' వెనుకకు తీసికొనును. మన తెలుగిండ్లలో క్షమాపణలు చాలవరకు ఈ మాటయొద్దనే చచ్చిపోవుచున్నవి. వాక్యమును 'తప్పు' దగ్గర తెగగోసి, అంతటితో నోరు మూసికొని, అన్న ఏమన్నను వినుచు ఊరకుండుట నేర్చుకొనుటకు ఆ నలుబదియైదేండ్ల మనిషికి గంట పట్టినది. అటు అన్నగారికిని తర్ఫీదు తప్పలేదు; తమ్ముడు మాటలాడునప్పుడు శుభలేఖను జేబులోనే యుంచుకొనవలెననునదే ఆయన పాఠము.

వారిద్దరును కౌగిలించుకొనిరని నేను చెప్పను; అట్లు జరుగలేదు. అన్న కండువాతో ముఖము తుడుచుకొని, 'సరేలే, బోదె సంగతి చూడండి' అనెను. బోదె సంగతి రెండు కూటములలో తేలినది, కొబ్బరిచెట్లు అరగంటలో తేలినవి. బోరు మోటారు కరెంటు బిల్లు దగ్గర మాత్రము మరల గొంతులు లేచినవి. దానికి శుభలేఖతో నేమియు సంబంధము లేదు, అది శుద్ధముగా కరెంటు బిల్లు తగాదాయే.

ఇంటి తగవు తీర్పుకంటె రాజీతో తీరుట మేలని చట్టమునకు తెలియకపోలేదు. 1984 నాటి కుటుంబ న్యాయస్థానముల చట్టము, విచారణకు ముందు దంపతులను కలుపుటకు ప్రయత్నించుట కోర్టు విధియని 9వ సెక్షనున వ్రాసినది. 2013లో సుప్రీంకోర్టు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌నుండి వెళ్ళిన యొక దంపతుల వ్యాజ్యమును తేల్చుచు, వరకట్న వేధింపుల కేసులను విచారించు క్రిమినల్ కోర్టులు సైతము, రాజీకి తావున్నదని తోచినప్పుడు మధ్యవర్తి కేంద్రములకు పంపవలెనని చెప్పినది. మధ్యవర్తి కూటమనగా విడిపోవువారిని బలవంతముగా ఒక గూటికి తోయుటయని మాత్రము భ్రమపడరాదు. పిల్లవాడు ఏ యింట నెన్నాళ్ళుండవలెను, మనోవర్తి ఏ తేదీకి బ్యాంకులో పడవలెను, పెట్టుపోతలు ఎవరివి ఎవరికి చేరవలెను అనువానిని తేల్చుకొని, పండుగనాడు పిల్లవానిని చూచుటకు వచ్చిన తండ్రికి తల్లి మంచినీళ్ళిచ్చునంత మర్యాద మిగుల్చుకొని విడిపోవుట కూడ రాజీయే.

ఇచ్చట నొక కంచె కలదు. కొట్టినవానిని కొట్టబడినదానిని ఎదురెదురుగ కూర్చుండబెట్టి, 'ఇద్దరిలోనూ తప్పుంది, సర్దుకుపోండి' అనుట పెద్దమనుషులకు వాడుక. గృహహింస చట్టము క్రింద 2006లో వచ్చిన నియమములు ఆ నోరు నొక్కివేసినవి: కౌన్సెలింగున భర్త తాను చేయిచేసికొనుటకు కారణము చెప్పుకొనుట కూడ కూడదు, కారణము లెక్కలోనికి రాదని కూటమునకు ముందే వానికి తెలుపవలెను, హింస మరల జరుగదను హామీయే అచ్చట తొలి సంగతి. 'కూర చల్లారిపోయిందనే కొట్టాను' అనువానికి అచ్చట తావు లేదు. ఈ నియమము తెలియని మధ్యవర్తి, ఎంత మంచివాడైనను, ఆ కుర్చీలో కూర్చుండరాదు.

పనిచోటి తగవులు వేరొక జాతివి. జీతబత్తెములు లెక్కకు వచ్చును. మర్యాద లెక్కకు రాదు. ఈ రెండును ఒకే అర్జీలో నుండును. 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టము, ఉభయులను పిలిపించి రాజీకి ప్రయత్నించు నధికారిని నియమించి, ఆయనకు 14 దినముల గడువిచ్చియుండెను. కార్మికుల నోట ఆయన లేబరాఫీసరుగారు. ఆయన యెదుట కుదిరిన రాజీ సంతకము పెట్టిన సంఘమునకే గాక ఆ కార్ఖానాలోని ప్రతి కార్మికునికిని, రేపు చేరబోవువానికి సైతము, వర్తించును. 2025లో దాని స్థానమున అమలులోనికి వచ్చిన 2020 నాటి పారిశ్రామిక సంబంధముల కోడు కూడ ఆ యధికారిని తొలగింపలేదు. 14 దినములలో తేలినవి నేను చూచినంతలో వ్రేళ్ళమీద లెక్కింపవచ్చును, అది వేరుమాట.

పంతములు చెడకుండ పని జరిపించుటకు ఉదాహరణముగా అహమ్మదాబాదు మిల్లుల కథ చెప్పుకొనవలెను. ప్లేగు దినములలో కార్మికులు ఊరు విడిచిపోకుండుటకై యజమానులిచ్చుచుండిన బోనసును, ప్లేగు తగ్గగనే ఆపివేసిరి. 1918లో నేతపనివారు జీతముమీద నూటికి 50 పెంపుడనిరి. యజమానులు 20 దాటమనిరి. గాంధీ ధరవరలు లెక్కగట్టి 35 న్యాయమనెను. యజమానుల పెద్ద అంబాలాల్ సారాభాయి; కార్మికులవైపు నిలిచినది స్వయముగా ఆయన అక్క అనసూయ. మూడువారములు దాటి మగ్గములు ఆగియుండెను. తుదకు కుదిరిన రాజీ వినుడు: మొదటి దినమున 35, రెండవ దినమున 20, మూడవ దినము మొదలు తీర్పరి తేల్చువరకు ఇరువురి నడిమిదైన 27½. ముప్పదియైదు చేతబడనిదే మగ్గము ముట్టమని ఒట్టుపెట్టుకొన్నవారి ఒట్టు మొదటి దినముతో తీరినది. ఇరువదికి మించి ఈయమన్నవారి పంతము రెండవ దినముతో తీరినది. తీర్పరియైన ఆనందశంకర ధ్రువ చివరకు 35 అనెను. మొదటి రెండుదినముల భేదము జమాఖర్చు పుస్తకమున ఎందుకును కొరగాని చిల్లర. కాని ఆ చిల్లర లేనిచో మూడవదినము రానేరదు.

అయినను ఆ కథలో గాంధీ మధ్యవర్తి కాడు. కార్మికుల ఒట్టు సడలుచున్నప్పుడు ఆయన మూడు దినములుపవసించెను. స్నేహితులైన యజమానులమీద అది యొత్తిడియైనదని, ఆ ఉపవాసమున దోషమున్నదని ఆయనయే యొప్పుకొనినాడు. మధ్యవర్తికి ఉపవాసము చేయు హక్కు లేదు. కూటము చెడిపోయినచో కన్నీరు పెట్టుకొను హక్కు కూడ లేదు.

పనిచోట స్త్రీలపై లైంగిక వేధింపులను గూర్చి 2013లో వచ్చిన చట్టమున మరియొక కంచె నాటబడినది. రాజీ ప్రయత్నము ఆ స్త్రీ తానై కోరిననే చేయవలెను. ఆ రాజీకి సొమ్ము ఆధారము కారాదు. కవరు చేతబెట్టి, 'ఇంతటితో మరిచిపోమ్మా' అను పెద్దమనుషులకు ఆ యొక్క వాక్యము సంకెల వేసినది.

2023లో పార్లమెంటు చేసిన మధ్యవర్తిత్వ చట్టమును గూర్చి రెండు మాటలు చాలును. కూటములు 120 దినములలో ముగియవలెను, ఉభయులొప్పినచో మరి 60 దినములు. అచ్చట పలికిన మాట బయటికి పోరాదు, కోర్టులో సాక్ష్యము కారాదు. కుదిరిన పత్రము కోర్టు డిక్రీవలె అమలగును. కోర్టులకు అనుబంధముగా కూర్చుండు మధ్యవర్తులకు ఈ దేశమున 40 గంటల శిక్షణ వాడుకలో నున్నది. నలుబది గంటలలో వినుట వచ్చునా యని నన్నడిగినచో, భార్య నడుగుడందును. నా శిక్షణ యేనాడో ముగిసినదని ఆమె యొప్పుకొనదు.

ఇంతవరకు విని, ప్రతి తగవు అడుగునను ఒక శుభలేఖ దాగియుండునని శ్రోతలు తలపరాదు. నేనట్లు తలచియే కొన్నాళ్ళు పొరబడితిని. ఇంటి తగవులో సొమ్ము మాటయెత్తినవాని లోపల మనస్తాపముండవచ్చును. దెబ్బతగిలినవాని తగవులో సొమ్మే సొమ్ము. దాని వెనుక మనసును వెదకుట యొక్కొక్కప్పుడు వానిని దోచుకొనుటకు దారితీయును.

రోడ్డు ప్రమాదముల క్లెయిములు లోక్ అదాలత్తులలో తీరుచుండుట చూచుచునే యున్నాము. 1987 నాటి న్యాయసేవాధికార చట్టప్రకారము అచ్చటి రాజీ డిక్రీతో సమానము. కోర్టు ఫీజు తిరిగివచ్చును. దానిమీద అప్పీలు లేదు. అప్పీలు లేదనుటయే మంచిమాటయు చెడ్డమాటయు. పోయినవాని యేటి ఆదాయములో వాని సొంత ఖర్చు పోగా మిగిలినదానిని వాని వయస్సునుబట్టి ఇన్నింటితో గుణింపవలెనని 2009లో సుప్రీంకోర్టు ఒక పట్టీని స్థిరపరచినది. ఇరువదియారు మొదలు ముప్పదేండ్లవానికి 17, ముప్పదియారు మొదలు నలుబదేండ్లవానికి 15. ఇన్సూరెన్సు కంపెనీ అధికారికి ఆ పట్టీ ఎక్కములవలె కంఠస్థము. భర్త పోయిన యిల్లాలికి అట్టి పట్టీ యొకటున్నదనియే తెలియదు. ఈ యిద్దరును బల్లకు ఇరువైపుల కూర్చుండి చేసికొను రాజీని సమానుల రాజీ యనుట యెట్లు?

ఒక చిన్న కార్ఖానా. పదిమందికి లోపు పనివారు గనుక ఇ.ఎస్.ఐ. వర్తింపదు. పవర్ ప్రెస్సుమీద పనిచేయు ముప్పదేండ్లవానికి ఎడమచేతి బొటనవ్రేలు పూర్తిగా పోయినది. జీతము నెలకు 15,000. యజమాని దుర్మార్గుడు కాడు. ఆస్పత్రి ఖర్చంతయు భరించెను, ఉన్నన్నాళ్ళు తన యింటినుండి క్యారియరు పంపెను. ఇప్పుడు లక్షరూపాయలిచ్చి, మరల పనిలోనికి తీసికొందుననెను. 'సారు దేవుడండీ, ఎంతిస్తే అంతే' అని పనివాడు చేతులు జోడించెను. జోడించిన చేతులలో ఒకదానికి కట్టున్నది. గదిలో ద్వేషము లేదు, అపార్థము లేదు, ఎవరి జేబులోను శుభలేఖ లేదు. అరగంటలో సంతకములై నా ఖాతాలో ఇంకొక రాజీ చేరెడిది.

నేను కూటము నాపి, ఒక తెల్లకాగితముమీద లెక్క వ్రాసితిని. 1923లో పుట్టి, 2009 సవరణతో ఉద్యోగుల పరిహార చట్టమని పేరు మార్చుకొని, నాటికి అమలులోనుండిన చట్టముననుసరించి నెలజీతములో నూటికి 60, అనగా 9,000. ముప్పదేండ్ల వయస్సునకు చట్టము చెప్పిన గుణకము 207.98, రెంటి గుణకారఫలము 18,71,820. బొటనవ్రేలు పోయినచో సంపాదనశక్తిలో నూటికి 30 పోయినట్లు షెడ్యూలు చెప్పినది. అందులో ముప్పదవ వంతు కాదు, నూటికి ముప్పది వంతులు: 5,61,546 రూపాయలు. ఆస్పత్రి ఖర్చు దీనికి వేరు. అది యజమాని దయ గాదు, చట్టము విధించినదే. నెల దాటినచో నూటికి 12 వడ్డీ. కాగితమును బల్ల మధ్య, ఇద్దరికిని కనబడునట్లు పెట్టితిని.

మధ్యవర్తి త్రాసు చేతబట్టరాదని, నేను తీర్పరిపని చేసితినని నా సహచరులు కొందరు ఆక్షేపించిరి. ఆ యాక్షేపణలో కొంత నిజము లేకపోలేదు. నా సమాధానమొక్కటే: నేను త్రాసు పట్టలేదు, దానిమీది గుడ్డ తీసితిని. ఆ చట్టపు 28వ సెక్షను ప్రకారము ఇట్టి రాజీపత్రమును కమిషనరుయొద్ద రిజిస్టరు చేయవలసియుండెను. సొమ్ము చాలదనియో, మోసముననో ఒత్తిడిచేతనో కుదిరినదనియో ఆయనకు తోచినచో త్రోసిపుచ్చగలిగియుండెను. లక్షకు కుదిరిన కాగితము ఆ బల్లదాక పోయి తిరిగివచ్చినచో, యజమాని మంచితనమునకే మచ్చ వచ్చియుండెడిది. ఈ మాటయే ఆయనకు విడిగా చెప్పితిని. ఆయన కాగితమును రెండుమారులు చూచి, 'ఒక్కసారిగా నా వల్ల కాదు' అనెను. అప్పుడు నాకు ప్రిటోరియాలోని తయ్యబ్ సేఠ్ జ్ఞప్తికి వచ్చెను. సగము వెంటనే, మిగిలినది ఆరునెలలలో రెండు వాయిదాలు, పనివాడు తలయూపెను. వానికి చదువు రాదు గనుక, పత్రము మొదటినుండి చివరవరకు వానికి చదివి వినిపించి, ఏది యర్థమైనదో వానిచేతనే చెప్పించితిని.

గుమాస్తా సిరాపెట్టె తెచ్చెను. మగవారికి ఎడమచేతి బొటనవ్రేలి ముద్ర వేయించుట ఆఫీసు అలవాటు. గుమాస్తా తలయెత్తియైన చూడక, అలవాటు చొప్పున ఎడమచేతికై చేయి చాపి, 'ఏదీ, బొటనవేలు' అనెను. పనివాడు నవ్వి, 'దాని కోసమే గదండీ ఈ కాగితం' అని, కుడిచేతి వ్రేలు సిరాలో అద్దెను.